కొలిమి బూడిద

సముద్రం పైకొచ్చిన ముప్పై రెండో ఏడు
ఎర్రమిట్ట వైద్యశాల దినచర్య

వైశాఖం, 4వ రోజు

ఈ ఉదయం గోడ కాపలా సూరప్పడు తన తోటి కాపలావాడు పోలయ్య చెవి కొరికి నేల మీద ఉమ్మేశాడు. గొడవ గంజిలో ఉప్పు గురించి. పోలయ్య తెగిన ముక్కను గుడ్డలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతుకుతుందా అని అడిగాడు. అతకదని చెప్పి, మిగిలిన సగానికి ఏడు కుట్లు వేశాను. కుడుతున్నంతసేపూ అతనిది ఒకటే మాట.

"ఆడు నాకు తమ్ముడి లాటోడు మందులమ్మా. నా పెల్లాం పురిటికి నీలు మోసినోడు. ఏటైపోనాది ఆడికి?"

పదిహేను రోజుల్లో ఇది మూడోది. అమావాస్య నాడు ఒక తండ్రి నీళ్ళు ఒలకబోసిందని కూతురి చెయ్యి మెలిపెట్టి విరిచాడు. మొన్న పంపు దగ్గర ఇద్దరాడవాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు. ఒకామె తల పగిలి నా బల్ల మీదే పోయింది. దెబ్బలు లేనివాళ్ళు కడుపు మెలిపెడుతోందని, తల పగిలిపోతోందని, వారం రోజులుగా విరేచనం లేదని వస్తున్నారు. ఈ ఏడు నలుగురికి గర్భం నిలవలేదు. మిట్ట మీద ఉన్నదే నాలుగువందల మందిమి.

నేను డాక్టర్ని కాను. భాగ్యవతి డాక్టరు దగ్గర పదకొండేళ్ళు పని చేసి, ఆవిడ పోయాక ఆ కుర్చీలో కూర్చున్నాను. ఏ రోజుది ఆ రోజు రాయమన్నది ఆవిడ పెట్టిన నియమం.

సాయంత్రం మిట్ట పెద్ద తవిటినాయుడు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి పోలయ్య తలకట్టు చూశాడు.

"మనోలు మనోల్నే కొరుక్కుంతన్నారంటే ఊరికే కాదు నూకరత్నం. గెడ్డవతలోలు నీలల్లో ఏటో కలిపేత్తన్నారు. అదేటో నువ్వు కనిపెట్టు. మిగతాది నాను సూసుకుంతాను."

గెడ్డవతలవాళ్ళంటే ఏటికి అవతలి ఒడ్డున ఉండే పాలదిబ్బ జనం. ఇద్దరిదీ ఒకే గెడ్డ నీరు. వాళ్ళ వలలు మా వైపు వస్తే మావాళ్ళు కాలుస్తారు. మావాళ్ళు అటు వెళితే వాళ్ళు బల్లేలు విసురుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే.

వైశాఖం, 7వ రోజు

పొద్దున్నే మా వదిన దాలమ్మ కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. మంగవేణికి నాలుగేళ్ళు. పిల్ల కళ్ళు పైకి తిరిగిపోయి, ఒళ్ళంతా కర్రలా బిగిసి కొట్టుకుంటోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆగేదాకా పట్టుకున్నాను. వంద లెక్కపెట్టేలోగా ఆగింది. నోరు తుడుస్తుంటే పంటి చిగుళ్ళ మీద నీలం, నలుపు కలిసిన సన్నటి గీత కనిపించింది.

ఆ గీతను భాగ్యవతి డాక్టరు ఒకసారి బొమ్మలో చూపించింది.

ఆవిడ పెట్టెలో రక్తం చదివే యంత్రం ఉంది. అరచేతిలో పట్టేది. దానికి పట్టీలు నలభై దాకా మిగిలి ఉన్నాయి. పిల్ల వేలు సబ్బుతో రెండుసార్లు కడిగాను. వేలి మీద ధూళి ఉంటే లెక్క తప్పుతుంది. చుక్క తీసి పట్టీ మీద పెట్టాను. మూడు నిమిషాల తర్వాత అంకె రాలేదు. "ఎక్కువ" అని వచ్చింది. అరవై ఐదు దాటితే యంత్రం అంకె చెప్పదు.

గోడ మీద డాక్టరమ్మ చేతిరాత ఇప్పటికీ ఉంది. ఐదు దాటితే ఎక్కడిదో వెతుకు. నలభై ఐదు దాటితే మందు. డెబ్భై దాటితే ప్రాణం మీదికి. పైన ఒకటే మాట: సీసం.

ఆ మందు మిట్ట మీద నేను పుట్టినప్పటి నుంచీ లేదు.

పంపు దగ్గర కబురు తెలిసి తవిటినాయుడు వచ్చాడు. నేను దాచలేదు.

"రక్తంలో సీసం ఉన్నాది నాయుడూ. శానా ఉన్నాది."

"ఇసమేనా?"

"ఇసమే. అయితే ఎక్కడినించి వస్తన్నాదో తెలీదు. నాకు నాలుగు రోజులు..."

"ఆ ఒక్క మాట సాలు," అని అతను వెనక్కి తిరిగాడు. వీధి మలుపు దాకా వెంటపడ్డాను. నీళ్ళలోనే ఉందని నేను అనలేదని అరిచాను. అతని వెనక నడుస్తున్న జనం నా గొంతు కన్నా పెద్దగా అరుస్తున్నారు.

వైశాఖం, 9వ రోజు

తెల్లవారుతుండగా ముప్పై మంది గెడ్డ దాటారు. ఎండెక్కేసరికి తిరిగొచ్చారు. పాలదిబ్బలో తొమ్మిది మందిని చంపారు. అందులో ముగ్గురు నీళ్ళు తోడుతున్న ఆడవాళ్ళు. ఒకతను గుడిసెలో దాక్కుంటే గడ్డికి నిప్పు పెట్టి, బయటికొచ్చాక కాల్చారు. ఇది నాకు చెప్పింది పోలయ్య. చెవి కుట్లలో ఒకటి తెగితే మళ్ళీ వేయించుకోవడానికి వచ్చి, నవ్వుతూ చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి నా బల్ల కాలు పట్టుకుని ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

మావాళ్ళు ఇద్దరు తిరిగి రాలేదు.

ఒకామెను మాత్రం ప్రాణాలతో ఈడ్చుకొచ్చారు. పేరు అచ్చియ్యమ్మ. యాభై దాటిన మనిషి, పాలదిబ్బలో పంపు నడిపేది ఆమేనట. విషం ఏదో, విరుగుడు ఏదో ఆమె చేత చెప్పించాలని తవిటినాయుడి ఆలోచన. తొడలో తుపాకీ గుళ్ళు దిగాయి. చచ్చిపోతే చెప్పదు కనక నా దగ్గర పడేశారు. గుమ్మంలో ఇద్దరు కాపలా.

గుళ్ళు నాలుగు తీశాను. ఆమె అరవలేదు. నా ముఖం వంక చూస్తూ ఉంది.

"నా కొడుకుని నా కల్లముందే ఏసేసినారు," అంది. "ఎందుకో నువ్వైనా సెప్పు."

"మీరు నీలల్లో ఇసం కలిపినారని."

"గెడ్డ ఎటు పారతాదే? మీ కాడినించి మా కాడికి పారతాది. మీరు తోడుకున్నాక, మీ మురుగు కలిసినాక, తాగీది మేం. మా నీలల్లో మేమే ఇసం కలుపుకుంతామా?"

గుళ్ళు తీసిన చేతులు కడుక్కుని, ఆమె వేలు కడిగి, చుక్క తీశాను. మూడు నిమిషాలు.

మూడు. యంత్రం చూపించిన అంకె అది. అదే గెడ్డ నీళ్ళు పుట్టినప్పటి నుంచీ తాగుతున్న మనిషి రక్తంలో సీసం మూడు.

నీళ్ళలో లేదు. నేను "విషమే" అన్న మాట పట్టుకుని వెళ్ళి తొమ్మిది మందిని చంపి వచ్చారు.

వైశాఖం, 10వ రోజు

పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి చుక్కలు తీశాను. సూరప్పడికి యాభై ఎనిమిది. పోలయ్యకు యాభై ఒకటి. తూర్పు వీధిలో ఉండే గాదె కాపలా ముసలమ్మకు తొమ్మిది. కొలిమి వీధి పిల్లల్లో నలభైకి తక్కువ ఒక్కరూ లేరు. కొలిమికి ఎంత దగ్గరైతే అంకె అంత పెద్దది.

కొలిమి లేకపోతే మిట్ట లేదు. పోటు తగ్గినప్పుడే గెడ్డలో ఉప్పు తగ్గుతుంది. ఆ వేళకు పంపు నడవాలి. అది చీకట్లో వచ్చినా నడవాలి. అందుకని ఎండపలకల కరెంటు బ్యాటరీల్లో దాస్తాం. పాడైన బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, వాటి లోపలి సీసపు పలకలు మళ్ళీ పోసేది మా అన్న పైడిరాజు. మిగిలిన సీసం తుపాకీ గుళ్ళకు పోతుంది.

ఇన్నాళ్ళూ చూస్తూనే చూడనివి ఈరోజు చూశాను. కాపలావాళ్ళు గుళ్ళు పోసే కుండలోనే గంజి కాచుకుంటున్నారు. కొలిమి బూడిద మెత్తగా ఉంటుందని ఊరంతా దానితోనే అంట్లు తోముతోంది. వాకిళ్ళకు అదే చల్లుతున్నారు, పిల్లలు అందులోనే ఆడుతున్నారు. వలలకు సీసపు గుళ్ళు కట్టే ఆడవాళ్ళు వాటిని పళ్ళతో కొరికి బిగిస్తున్నారు. పాత ఓడ చెక్కలు సీసం కలిసిన రంగుతో సహా పొయ్యిలో పెడుతున్నారు. కొలిమి పనివాళ్ళు ఒంటి మీది బట్టలతోనే ఇంటికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటున్నారు.

అచ్చియ్యమ్మ కట్టు మారుస్తూ ఇవన్నీ చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"మాకూ కొలిమి ఉండేది. పదకొండు మంది గుంటలు పోయినారు. అందులో ఇద్దరు నా కడుపున పుట్టినోలు. అప్పుడు పూడ్సేసినాం."

"మరి పంపో?"

"పోటు రోజుకి రెండుసార్లు తగ్గుతాది. ఒకపాలి పగలే తగ్గుతాది గదా. ఆ యేల ఎండతోటే తోడేసి మెట్ట మీద తవ్వుకున్న దొరువు నింపుకుంతాం. కరెంటు దాసుకోడం దేనికి? నీలు దాసుకుంటే సాలదా?"

ఆమె ఇంకా చెప్పింది. కొలిమి ఇళ్ళు పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి. తినే ముందు చేతులు, గోళ్ళు కడగాలి. పని బట్టలు ఇంట్లోకి రాకూడదు. నీళ్ళు మరగబెడితే సీసం పోదు, ఇంకా చిక్కబడుతుంది. పాలు, ఆకుకూరలు తిన్న పిల్లల ఒంటికి సీసం తక్కువ పడుతుంది. కడుపు ఖాళీగా ఉంటే ఎక్కువ పడుతుంది.

తవిటినాయుడికి అన్నీ చెప్పాను. అతను నా చేతిలోని అంకెల కాగితం లాక్కుని చింపాడు.

"మా అబ్బ కట్టిన కొలిమి అది! అదే ఇసమైతే మనం ఇన్నేల్లు ఎలాగ బతికినాం? ఆ ముండ నీ బుర్రకి మందెట్టీసినాది. ఎల్లుండి పొద్దుకుంకే లోపల ఇరుగుడు సెప్పకపోతే గోడమీంచి కిందకి తోసేత్తాను. అడ్డమొత్తే నిన్నూ."

వైశాఖం, 11వ రోజు

మంగవేణికి నిన్నటి నుంచి తొమ్మిదిసార్లు మూర్ఛ వచ్చింది. మాట పడిపోయింది.

కొలిమి దగ్గరికి వెళ్ళాను. పైడిరాజు సీసం మీది తెట్టు తీస్తున్నాడు. కనుబొమల దాకా బూడిద.

"అన్నియ్యా, ఇది ఆర్పేయాల. నీ బట్టలకి అంటుకున్నదే మంగ ఒంట్లోకి పోతన్నాది. నువ్వు ఎత్తుకున్నప్పుడల్లా."

అతను గరిట కింద పెట్టాడు. "మల్లీ సెప్పు."

"నీ తప్పు కాదు. నీకు తెలీదు. నాకూ తెలీలేదు."

"అంటే నా గుంటని నానే సంపేత్తన్నానంతావేటే నూకా?"

అతను చెయ్యెత్తడం చూశాను. చిన్నప్పటి నుంచీ నా మీద చెయ్యి చేసుకోని అన్న. మొదటి దెబ్బకు పన్ను ఊడింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు, మళ్ళీ తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పక్కనున్న పనివాళ్ళలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఆ నవ్వినవాడిని గరిటతో కొట్టాడు. వాళ్ళిద్దరూ కలబడటంతో నేను పాక్కుంటూ బయటపడ్డాను.

డొక్కకు నాకు నేనే కట్టు కట్టుకోలేకపోతే అచ్చియ్యమ్మ లేచి కట్టింది.

వైశాఖం, 12వ రోజు

మంగవేణి మధ్యాహ్నం పోయింది. వదిన ఒళ్ళో, నా బల్ల పక్కన. పైడిరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి రాబోయి, తన చొక్కా వంక చూసుకుని ఆగిపోయాడు. కాసేపటికి అక్కడే చొక్కా, పంచె విప్పేసి గోచీతో తొట్టి దగ్గరికి వెళ్ళాడు. చేతులు కడిగాడు. మోచేతుల దాకా, మెడ దాకా, చర్మం ఎర్రగా కందేదాకా ఇసుకతో తోమి కడిగాడు. అప్పుడొచ్చి కూతుర్ని ముట్టుకున్నాడు.

తర్వాత సమ్మెట తీసుకుని కొలిమికి వెళ్ళాడు.

మొదటి దెబ్బకు పొగగొట్టం కూలింది. చప్పుడుకు ఊరంతా చేరింది. తవిటినాయుడు కాపలావాళ్ళతో వచ్చాడు. సూరప్పడు వెనకనుంచి తుపాకీ మడమతో పైడిరాజు వీపు మీద కొట్టాడు. పైడిరాజు పడ్డాడు, లేచాడు, మళ్ళీ కొలిమినే కొట్టాడు. మనుషుల వైపు చూడలేదు. తవిటినాయుడు ఆగమని ఒకసారి అరిచి, కాల్చాడు.

గుళ్ళు కుడి భుజాన్ని చీల్చేశాయి. సమ్మెట జారిపోయింది. పైడిరాజు ఎడమచేత్తో దాన్ని మళ్ళీ అందుకోబోయాడు.

తవిటినాయుడు రెండో గుండు కూరుతున్నాడు. అతని మణికట్టు నిలవడం లేదు, పదే పదే కిందకి వాలిపోతోంది. గుండు నేల మీద పడింది. అది తీయడానికి వంగాడు.

మొదటి రాయి మా వదినది. కొలిమి ఇటుక ముక్క. అతని చెవి దగ్గర తగిలింది. రెండోది గర్భం పోయిన నలుగురిలో ఒకామెది. ఆ తర్వాత ఎవరిదో చెప్పలేను. సూరప్పడు తుపాకీ ఎత్తితే పోలయ్య అతని మీద పడి గొంతు పట్టుకున్నాడు. ఎవరో విడదీశారు. తవిటినాయుడు "ఒద్దర్రా, నాను మీ నాయుణ్ణి" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

నేను ఆపలేదు. విరిగిన డొక్కతో అరవలేకపోయానని రాసుకోవచ్చు. నిజం ఏమిటంటే నేను ప్రయత్నించలేదు.

జనం చెదిరిపోయాక వెళ్ళి అతని వేలు కడిగి చుక్క తీశాను. "ఎక్కువ" అని వచ్చింది. ఆ చెయ్యి అలా వాలిపోవడం, ఆ కోపం, ఎవరి మాటా తలకెక్కకపోవడం, అన్నీ ఎక్కడివో అప్పుడు తెలిసింది. మేం రాళ్ళతో కొట్టి చంపింది జబ్బు మనిషిని.

వైశాఖం, 15వ రోజు

కొత్త సీసపు పలకలు లేక, అసలే అరిగిన బ్యాటరీలు చచ్చాయి. పంపు ఆగి రెండు రోజులు. దొరువు తవ్వడానికి పదిహేను రోజులైనా కావాలి, ఎలా తవ్వాలో, బ్యాటరీలు లేకుండా పంపును నేరుగా ఎండతో ఎలా నడపాలో ఎవరికీ తెలియదు. తొట్టి అడుగు నీళ్ళ కోసం ఇవాళ ఇద్దరు కత్తులు తీశారు.

అచ్చియ్యమ్మను పడవలో కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే గెడ్డ దాటాను. తుపాకీతో వస్తానని పోలయ్య అన్నాడు. వద్దన్నాను.

ఒడ్డున యాభై మంది ఉన్నారు. ముందుగా అచ్చియ్యమ్మను దింపాను. తర్వాత నేను దిగి, అనుకున్నది చెప్పాను.

"మీ నీలల్లో ఇసం లేదు. రక్తంలో ఇసమున్నాదని మా నాయుడికి సెప్పింది నాను. ఎక్కడిదో తెలవకముందే సెప్పేసినాను. ఆ మాట మీదే ఆలొచ్చి మీ ఓల్ని సంపినారు."

ఇంకా చెప్పాలనుకున్నాను. లచ్చుమమ్మ అనే ఆమె, గుడిసె తగలబెట్టి చంపిన మనిషి భార్య, చేతిలో రాయితో నా ముఖం మీద కొట్టింది. ఎడమ కన్ను అక్కడే పోయింది. పడ్డాక కాళ్ళతో తొక్కారు. అచ్చియ్యమ్మ నా మీద అడ్డంగా పడుకుంది. ఆమె కట్టు తడిసి ఆ రక్తం నా మెడ మీద కారింది.

"నా కొడుకు కూడా పోనాడు," అని అరిచింది. "దీన్ని సంపితే ఆడొత్తాడా? అక్కడ నాలుగొందల మంది నీలు లేక సత్తారు. అందులో గుంటలున్నారు. మన గుంటలు ఎలాగ పోనారో మరిసిపోనారా?"

తొక్కుతున్న కాళ్ళు ఆగాయి. తర్వాత వాళ్ళ పెద్ద ఒక షరతు పెట్టాడు. వాళ్ళ మంత్రసాని ఆ తొమ్మిది మందిలో ఉంది. ఆమె చోటులో నేను ఉండాలి, తిరిగి వెళ్ళకూడదు. దొరువు నిండేదాకా వాళ్ళ నీళ్ళలో సగం పడవల్లో మిట్టకు పంపుతారు. అచ్చియ్యమ్మ వెళ్ళి దొరువు తవ్విస్తుంది. మిట్ట తుపాకులు గెడ్డలో పడేయాలి.

ఒప్పుకున్నాను.

జ్యేష్ఠం, 18వ రోజు
పాలదిబ్బ

మిట్ట మీద దొరువు నిండి పది రోజులైంది. ఈ కబురు తెచ్చింది పైడిరాజు. అతని కుడి చెయ్యి ఇక ఎత్తలేడు. కొలిమిని, చుట్టూ ఉన్న నేలను మోకాలి లోతు తవ్వించి, ఒకచోట పాతిపెట్టించి, పైన బంకమట్టి కొట్టించాడట. బూడిదతో తోమిన కుండలన్నీ అందులోనే వేశారు. తవ్వినన్నాళ్ళూ ముఖానికి తడిగుడ్డ కట్టుకుని, అక్కడే స్నానం చేసిగాని ఎవరూ ఇంటికి పోలేదట. సూరప్పడు ఇప్పటికీ కేకలు వేస్తాడు. ఒంట్లో పడ్డది ఎముకల్లో దాక్కుంటుంది, ఏళ్ళ తరబడి పోదు. నేను అదే చెప్పి పంపాను. కొట్టొద్దని, కూర్చోబెట్టమని చెప్పాను.

అన్న ఇదంతా గుమ్మం బయట నిలబడి, నా కన్ను ఉండే చోటు చూడకుండా చెప్పాడు. క్షమించమని అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. పడవ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

అతను వెళ్ళిన కాసేపటికి లచ్చుమమ్మ వచ్చింది. ఈ నెల రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. ఆమె కూతురికి ఆరో నెల. పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, తాను గోడ వైపు తిరిగి నిలబడింది. కడుపు చూశాను, రక్తం చూశాను.

"రెండు," అన్నాను. "బాగున్నాది. భయం లేదు."

లచ్చుమమ్మ కూతుర్ని దింపి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"మీ గుంటలది ఎంతుంతాది?"

"ముప్పై మందికి నలబై పైన ఉన్నాది. కొందరికి యాబై."

ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడింది. కూతురు చెయ్యి లాగినా కదల్లేదు.

"సోల్లు తింటే తక్కువ అంటుకుంతాదని అచ్చియ్యమ్మ అన్నాది. నిజమేనా?"

"నిజమే. రోజూ రాగి అంబలి తాగితే కొంత తగ్గుతాది."

"మా గాదెలో ఉన్నాయి. రెండు బస్తాలు ఒడ్డుకి ఏయించేత్తాను. ఒట్టుకుపొమ్మను మీ అన్నని." కూతురి చెయ్యి పట్టుకుంది. "నా కంటికి మాత్రం కనపడొద్దను."

మధ్యాహ్నం పోటు తగ్గాక పైడిరాజు ఎడమచేత్తో బస్తాలు ఒక్కొక్కటే పడవలోకి ఈడ్చుకున్నాడు. లచ్చుమమ్మ తాటిదుంగల చాటున నిలబడి, పడవ అవతలి ఒడ్డు చేరి, పిల్లలు దిగొచ్చి బస్తాలు అందుకునేదాకా చూసింది.